గోదారిలో నలభై చేపలు

గోదారిలో ఉన్న చేపలు మొత్తం నలభై. ముప్ఫైతొమ్మిదీ కాదు, నలభైయొకటీ కాదు. ఇది సర్కారువారు లెక్కగట్టి, సంతకం పెట్టి, సీలు వేసి తేల్చిన సంగతి. కాకరలంక కొప్పాడి నూకరత్నం చెవిన ఈ మాట పడేటప్పటికి ఆవిడ టౌను మార్కెట్టు గేటు దగ్గర నిలబడి ఉంది, నెత్తిమీద నిండు గంపతో. గంపలో తెల్లారగట్ల గోదాట్లోంచి తీసిన జెల్లలూ, పరిగెలూ, బొచ్చెపిల్లలూ అన్నీ కలిపి తక్కువలో తక్కువ అరవై ఉంటాయి. అంటే ఏట్లో ఉన్నవాటికన్నా ఆవిడ నెత్తిమీద ఉన్నవే ఎక్కువన్నమాట.

ఇంత ముచ్చట ఎలా వచ్చిందంటారా? మొదట్నుంచీ చెబుతాను, వినండి.

మాఘమాసంలో ఒకరోజు కాకరలంక రేవులో షామియానా వేశారు. నదీ మత్స్య గణన విభాగం అని కొత్త ఆఫీసు ఒకటి పుట్టింది. దానికి డైరెక్టరు విశ్వంభరరావు గారు. ఆయన ఏదో చలిదేశంలో శిక్షణ పొంది వచ్చారు. ఏట్లో దిగకుండా, చేపల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండా, మొత్తం ఎన్నున్నాయో చెప్పే విద్య నేర్చుకొచ్చారు. ఆ విద్య చేతిలో పెట్టుకుని ఊరుకోవడం ఆయనవల్ల కాలేదు.

"సోదర సోదరీమణులారా! నదీగర్భమందు ఎన్ని మత్స్యములు కలవో ఎరుగకుండా నదిని పరిపాలించుట ఎట్లు?" అని మొదలుపెట్టి, ఎదురుగా టిఫిన్‌కని పెట్టిన శెనగల గిన్నె అందుకున్నారు. గుప్పెడు శెనగలు తీశారు. పూజపళ్ళెంలో కుంకుమ తీసి వాటికి పట్టించారు. మళ్ళీ గిన్నెలో పోసి, గరిటెతో అడుగునుంచీ కలియబెట్టారు. తర్వాత కళ్ళు మూసుకుని ఇంకో గుప్పెడు తీశారు.

"ఈ గుప్పెట్లో ఎర్రశెనగలు ఎక్కువ వచ్చినచో గిన్నెలో శెనగలు స్వల్పమని అర్థం. ఎర్రవి తక్కువ వచ్చినచో శెనగలు పుష్కలమని అర్థం. అంతే! గోదావరి కూడా ఒక గిన్నె. కొన్ని చేపలకు బిళ్ళలు కట్టి వదులుతాం. అవి కలిసిపోయాక మళ్ళీ వల వేస్తాం. బిళ్ళ చేపలు ఎన్ని వచ్చాయో చూస్తాం."

నూకరత్నానికి ఇది తెగ నచ్చింది. ముప్ఫైయేళ్ళుగా చేపలమ్మే మనిషి, ఊళ్ళో ఆడవాళ్ళ చేపల సంఘానికి పెద్ద. ఎవరి మాటా ఓ పట్టాన ఒప్పుకోదు. అలాంటిది, "పెద్దసారు బుర్రున్న మనిషే" అని పక్కనున్న మొగుడు సత్తియ్యని మోచేత్తో పొడిచింది.

"అంతా బానే ఉంది గానీ, గోదాట్లో గరిటెట్టి ఎవరు కలుపుతారే?" అన్నాడు సత్తియ్య.

"చేపలు వాటంతటవే కలుస్తాయి మావా. నీలా మూల కూర్చుంటాయా ఏంటి?"

అంతలో డైరెక్టరు గారు ఇంకో మాటన్నారు. చేపలు పుష్కలంగా ఉన్నాయని తేలితే వేట యథావిధిగా సాగుతుంది. స్వల్పమని తేలితే నదికి విశ్రాంతి. విశ్రాంతంటే పదేళ్ళు కాకరలంక వల గోదాట్లో తడవకూడదు. ఆ మాటతో నూకరత్నం నవ్వు ఆగిపోయింది. లంకలో ప్రతి కొంపా నావ మీద బతికేదే. నీళ్ళు తగలకపోతే నావ చెక్కలు ఎండి, అతుకుల దగ్గర విచ్చుకుంటాయి. పదేళ్ళు కాదు, రెండు వేసవులు ఒడ్డునుంటే చాలు, ఆ నావ పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. "తల్లీ గోదారీ, లెక్కలో మాత్రం ఎక్కువుండవే" అని మనసులోనే దండం పెట్టుకుంది.

బిళ్ళలు కట్టే పని ఇనస్పెక్టరు గోవర్ధనానికి పడింది. పసుపుపచ్చ బిళ్ళలు, ఒక్కోదానిమీద ఒక్కో నంబరు, పక్కన సర్కారు ముద్ర. మొత్తం ఎనభై. స్టోర్సులో సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. పాపం, గోవర్ధనం చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు గొడుగొకటి బస్సులో మర్చిపోయాడు. ఆ గొడుగు తాలూకు సంజాయిషీలు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. సర్కారు సొత్తు పోతే సంతకం పెట్టినవాడే జవాబుదారీ అన్న రూలు ఆయన ఎముకల్లోకి ఇంకిపోయింది.

నలభై చేపలు తెప్పించి, నలభై బిళ్ళలు కట్టాడు. సర్కారు గెస్టుహౌసు రేవులో మొదటి బుట్ట వంచబోతూ చెయ్యి ఆపేసి, చేపలు తెచ్చిన సత్తియ్య వైపు తిరిగాడు.

"సత్తియ్యా, వీటిని వదిలేస్తే ఏమవుతుంది?"

"పోతాయండి."

"పోతాయా? ఎక్కడికి?"

"ఎక్కడికైనానండి. ఆయ్, చేపలు కదండీ."

గోవర్ధనానికి ముచ్చెమటలు పట్టాయి. ఒక్క గొడుగుకే ఇంత అయితే, నలభై బిళ్ళలకి ఎన్ని జన్మలు సంజాయిషీ రాయాలి? బుట్టలు పక్కన పెట్టించి, అప్పటికప్పుడు వెదుళ్ళు తెప్పించాడు. గెస్టుహౌసు రేవు చుట్టూ ఏట్లోనే దడి కట్టించి, లోపలివైపు వల బిగించాడు. అప్పుడు చేపల్ని అందులో వదిలాడు. వెదుళ్ళు పాతింది సత్తియ్యే.

"ఏట్లో వదిలాం. నీళ్ళు గోదారివే. పారిపోకుండానూ చూశాం. రూలు రూలే, శాస్త్రం శాస్త్రమే" అని గోవర్ధనం హాయిగా గాలి పీల్చుకున్నాడు.

సత్తియ్య ఈ సంగతి ఇంటికొచ్చి చెబితే నూకరత్నం కొట్టిపారేసింది. "బెదురు తీరేదాకా ఉంచుతారులే మావా. అంత చదువుకున్నోళ్ళు శెనగలు కలపకుండా లెక్కపెడతారా ఏంటి?"

కలపకుండానే లెక్కపెట్టారు. రెండో వల మొదటి చేపల్ని వదిలిన స్థలముననే వేయవలెనని నియమావళిలో ఉంది. గోవర్ధనం నియమావళి దాటే మనిషి కాడు. దడిలోపల వల వేయించాడు. నలభై చేపలు పడ్డాయి. నలభైకీ బిళ్ళలున్నాయి. ఒక్కో నంబరూ చదువుకుంటూ టిక్కు పెడుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఒక్క బిళ్ళా పోలేదు! వెంటనే డైరెక్టరు గారికి ఫోను చేశాడు.

"సార్, నూటికి నూరు శాతం దొరికాయి సార్!"

"నూరు శాతమా?" డైరెక్టరు గారు కేకవేశారు. "గోవర్ధనం, ఇది ఏ దేశంలోనూ రాని ఫలితమయ్యా! అంటే గిన్నెలో ఉన్నవన్నీ..."

"ఎర్రశెనగలే సార్."

"ఎర్రశెనగలే! గోదావరిలో మిగిలినవి కేవలం నలభై! సమయానికి కనిపెట్టాం. లేకపోతే ఎంత ఘోరం జరిగిపోయేది!"

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. ఆ మర్నాడే గోవర్ధనం మార్కెట్టు గేటు దగ్గర కాపలా కాశాడు. అలా నూకరత్నం గంపతో సహా దొరికింది.

"ఏమ్మా, ఈ చేపలు ఎక్కడివి?"

"ఎక్కడివేంటండీ, గోదాట్లోవి."

"గోదాట్లో చేపలు నలభై. ఆ నలభైనీ ఇప్పుడే చూసి వస్తున్నాను, క్షేమంగా ఉన్నాయి. మరి ఇవి ఎక్కడివి?"

"ఇవి వేరేవండి."

"వేరేవి లేవమ్మా."

"లేకపోవడమేంటి బాబూ? ఇదిగో, తోక కొట్టుకుంటంటే!"

"కొట్టుకోవచ్చు. కొట్టుకున్నంత మాత్రాన లెక్కలోకి రావు. ఏ నదిలోంచి తెచ్చావో చెప్పు. కృష్ణా? పెన్నా?"

"పెన్నదాకా పోయి, నెత్తినెట్టుకుని పరిగెత్తుకొచ్చానా? నాకేమన్నా రెక్కలున్నాయా?" అని నూకరత్నం గంప దింపి, నడుం మీద చేతులేసుకుంది. మార్కెట్టంతా మూగింది. నోరు పెట్టుకుని గెలవడంలో ఆవిడ పేరు మోసిన మనిషి. కానీ సీలున్న కాగితంతో నోరు పెట్టుకోవడం ఎలాగో ఆవిడకి తెలీలేదు. గోవర్ధనం పంచనామా రాశాడు. "గోదావరి నదియందు లేనట్టి చేపలు, ఒక గంపెడు, స్వాధీనపరచుకోవడమైనది" అని రాసి, ఇద్దరు సాక్షుల చేత వేలిముద్రలు వేయించాడు.

సాయంత్రం గంపైనా తెచ్చుకుందామని నూకరత్నం గెస్టుహౌసుకి వెళ్ళింది. రేవు మెట్ల దాకా పులుసు వాసన గుబాళిస్తోంది. మెంతులు కాస్త ఎక్కువ పడ్డాయని ఆవిడకి గేటు దగ్గరే తెలిసిపోయింది.

"మా చేపలేవండీ?" అంది.

"లేని చేపలు కదమ్మా" అన్నాడు గోవర్ధనం మూతి తుడుచుకుంటూ. "అవి ఇప్పుడు అసలే లేవు."

ఆ వారంలోనే కాకరలంక నావలన్నిటినీ ఒడ్డుకి లాగించి, గొలుసు వేసి, తాళానికి లక్క సీలు కొట్టారు. పక్కా పదేళ్ళ విశ్రాంతికి డైరెక్టరు గారు వచ్చి, మరోసారి వల వేయించి, సభలో ప్రకటించాలి. అప్పటిదాకా తాత్కాలిక విశ్రాంతి.

ఇక్కడ నావలు ఎండుతుంటే అక్కడ ఆ నలభైకీ యోగం పట్టింది. గెస్టుహౌసు రేవుకి రంగులేశారు. "మన నలభై, మన గర్వం" అని బోర్డు పెట్టారు. తవుడూ, తెలకపిండీ వేళకి పడేవి. ఎండ తగలకుండా దడిమీద తాటాకు పందిరి వేశారు. బళ్ళోంచి పిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపించేవారు. పొద్దునా సాయంత్రం గోవర్ధనం నంబర్లు పిలిచి హాజరు వేసేవాడు. పైకి రాని చేపకి ఆబ్సెంటు. ఇరవైరెండో నంబరు శీలావతి చేపకి మూడు ఆబ్సెంట్లు పడితే, దాన్ని పట్టి, పశువుల డాక్టరు చేత మెడికల్ సర్టిఫికెట్టు రాయించి, మళ్ళీ డ్యూటీలో చేర్చుకున్నారు.

చైత్రం దాటాక ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. ఐదో నంబరు బొచ్చె కడుపుతో ఉంది. ఆఫీసంతా అట్టుడికిపోయింది. గోదావరికి మంజూరైన చేపలు నలభై. నలభైయొకటో చేపకి ఆర్థిక శాఖ అనుమతి లేదు. గుడ్లు ఒకటా రెండా, లక్షలుంటాయని డాక్టరు చెప్పేసరికి గోవర్ధనం కుర్చీలో కూలబడ్డాడు. పైకి రాస్తే, "సదరు మత్స్యము ముందస్తు అనుమతి లేకుండా సంతానవృద్ధికి ఏల పూనుకొనవలసి వచ్చెనో సంజాయిషీ కోరవలెను" అని జవాబొచ్చింది. మెమో తయారుచేశారు. బొచ్చె పుచ్చుకోలేదు. పుచ్చుకోనందున రూలు ప్రకారం దాని నివాసం దగ్గర రేవు మెట్టుకి అంటించారు.

ఈ వైభోగమంతా విని నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఇంటి ముందు నావ బోర్లించి ఉంది. పొద్దున్నే లేచి చెక్కల సందుల్లో వేలు పెట్టి చూసుకునేది. నిన్నటికన్నా ఇవాళ వేలు కాస్త లోపలికి దిగేది. సత్తియ్య చిరుగులేని వలని విప్పి, మళ్ళీ అల్లుతూ కూర్చునేవాడు. వాళ్ళ సంఘంలో ఇద్దరప్పుడే ఇటుకబట్టీకి పోతామని మూటలు కట్టారు. గోదారి ఒడ్డున పుట్టి మట్టి తొక్కడానికి పోవడమా అని నూకరత్నం వాళ్ళని నానా తిట్లూ తిట్టింది. తిట్టి, ఇంట్లోకెళ్ళి ఏడ్చింది.

మర్నాడు తిన్నగా ఆఫీసుకెళ్ళి గోవర్ధనం బల్లమీద రెండు చేతులూ పెట్టింది.

"బాబూ, మీరన్నదే ఖాయం. గోదాట్లో మీ నలభై తప్ప చేపల్లేవు. అవి మీ దడిలో భద్రంగా ఉన్నాయి. మిగతా గోదారంతా వట్టి నీళ్ళు. ఆ వట్టి నీళ్ళల్లో మేం వల వేసుకుంటాం. మీకేం పోయింది?"

గోవర్ధనం నిజంగానే ఆలోచించాడు. నియమావళి తీసి ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"దరఖాస్తులో 'వేట ఉద్దేశము' అని ఉంటుందమ్మా. చేపలు పట్టుటకు అని రాస్తే, లేవు కాబట్టి కుదరదు."

"సరదాకి అని రాయండి."

"సరదాకైతే నది మన శాఖ కాదమ్మా, పర్యాటక శాఖ."

అంతే సంగతులు. నూకరత్నం గట్టుమీద నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. దారిపొడుగునా గోదాట్లో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఎగరండే, ఎగరండి. లెక్కలో లేరుగా, మీకేం!" అని వాటినీ తిట్టింది.

ఆషాఢం వచ్చింది. పైన వానలు పడి, ఏట్లోకి ఎర్రనీరు దిగింది. డైరెక్టరు గారు పదేళ్ళ విశ్రాంతి ప్రకటించడానికి ముహూర్తం పెట్టుకున్నది కూడా అప్పుడే. గోదారికి ఆ ఉత్తర్వు అందలేదనుకుంటాను. సభకి ముందురోజు ఒక్క ఉరుకులో వచ్చి దడి, వల, పందిరి, బోర్డు అన్నీ ఊడ్చుకుపోయింది. ఐదో నంబరు మెమో కూడా పోయింది.

తెల్లవారి నూకరత్నం వాకిలి ఊడుస్తుంటే, గట్టుమీద ఒక మనిషి ఒంటి చెప్పుతో పరిగెత్తుకొస్తున్నాడు. చూస్తే గోవర్ధనం.

"నూకరత్నం గారూ! నూకరత్నం గారూ!"

గారు తగిలేసరికే విషయం పెద్దదని ఆవిడకి అర్థమైపోయింది. చీపురు పక్కన పెట్టి, తీరిగ్గా అరుగుమీద కూర్చుంది.

"పోయాయండీ! నలభై పోయాయి! మధ్యాహ్నం సార్ వస్తున్నారు. దడి మళ్ళీ పాతిస్తున్నాను. మీరెలాగైనా నలభై చేపలు పట్టివ్వాలి. ప్రాణాలతో!"

"అయ్యో, ఎలాగండీ? గోదాట్లో చేపల్లేవు కదా."

"వేళాకోళానికిది సమయం కాదండీ!"

"వేళాకోళమేంటి బాబూ, మీ సంతకమే. సీలు కూడా ఉంది."

గోవర్ధనం అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. నూకరత్నానికి జాలేసింది. జాలేసినా బేరం బేరమే.

"నావలకి గొలుసులు తీయించండి. అన్నిటికీ."

"ఒక్కటి చాలదా?"

"ఒక్క నావతో లేని చేపలు పట్టడానికి నాకేమన్నా మంత్రాలొచ్చా? గోదారంతా గాలించాలి."

గొలుసులు ఊడాయి. నావలు నీళ్ళల్లో పడగానే సందుల్లోంచి నీరూరింది. ఆడాళ్ళు గుడ్డలు కుక్కుతూ, నీళ్ళు తోడుతూ కూర్చున్నారు. అయినా జనానికి పండగలా ఉంది. సత్తియ్య మాత్రం తెడ్డు పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమే, నలభై పట్టిచ్చామనుకో. ఉన్నవి నలభయ్యేనని వాళ్ళే రుజువు చేసుకుంటారు. మన మెడకి మనమే ఉరి తగిలించుకోవడం కదా ఇది?"

నిజమే! నూకరత్నం అంత ఆలోచించలేదు. గోవర్ధనం వైపు తిరిగింది.

"బిళ్ళలేం చేస్తారండీ? పాతవన్నీ చేపలతో పోయాయి కదా."

"బీరువాలో ఇంకో నలభై ఉన్నాయి. నలభైయొకటి నుంచి ఎనభై దాకా. రెండో విడత అని చెబుతాను. కట్టక తప్పుతుందా?"

నూకరత్నం గోదారివైపు చూసింది. ఆవిడకి కుంకుమ పట్టించిన శెనగలు గుర్తొచ్చాయి. నెమ్మదిగా మొహం విప్పారింది.

"నడు మావా" అంది. "పట్టేద్దాం. మంచివి చూసి పట్టు."

ఎర్రనీట్లో చేప ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రెండు వలలు వేసేసరికి నలభై దాటిపోయాయి. గోవర్ధనం ఒడ్డున నిలబడి "చాలు, చాలు! నలభై దాటితే కొంప మునుగుతుంది!" అని అరుస్తుంటే, జనం విరగబడి నవ్వుతూ మిగతావి ఏట్లోకి గిరాటేశారు.

మధ్యాహ్నానికి డైరెక్టరు గారు వచ్చారు. షామియానా, పూలదండలు, మైకు అన్నీ తయారు. కొత్త దడిలో వల వేశారు. నలభై చేపలు పైకొచ్చాయి. నలభైకీ పసుపు బిళ్ళలు తళతళలాడుతున్నాయి.

"నలభై! మళ్ళీ నలభై!" అని డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. "ఒక్క మత్స్యము నష్టపోలేదు. ఈ పవిత్ర గోదావరికి పదేళ్ళ సంపూర్ణ విశ్రాంతిని ప్రకటించుటకు..." అని జేబులోంచి పెన్ను తీశారు.

"బాబూ, ఒక్క మాటండీ!" అంటూ నూకరత్నం లేచి నిలబడింది. "మాఘమాసంలో తమరు శెనగలతో చెప్పిన పాఠం మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటున్నామండి."

డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. ఆయన పాఠాన్ని ఇంతవరకూ ఎవరూ గుర్తుపెట్టుకున్న పాపాన పోలేదు. "అలాగా! చెప్పమ్మా, చెప్పు!"

"మరేం లేదండి. ఈ గుప్పెట్లో ఎర్రశెనగలు ఎన్నొచ్చాయో మాకూ చూపిస్తే పిల్లలు కూడా నేర్చుకుంటారని."

"భేష్! ప్రజల్లో శాస్త్రీయ దృక్పథం అంటే ఇదయ్యా! గోవర్ధనం, మొదటి విడత బిళ్ళలు ఎన్ని?"

గోవర్ధనం మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఒకటి నుంచి నలభై సార్."

"ఈ వల్లో పడినవి?"

"నలభైయొకటి నుంచి ఎనభై సార్. అవి... రెండో విడత సార్. ఇవాళే కట్టాం సార్."

"అంటే మొదటి విడతవి, ఆ ఎర్రశెనగలు, ఎన్ని పడ్డాయి?"

"సున్నా సార్."

డైరెక్టరు గారు క్యాలిక్యులేటరు తీసి సున్నాతో భాగించారు. అది తప్పు అని చూపించింది. దులిపి మళ్ళీ నొక్కారు. మళ్ళీ తప్పే. ఆయన కళ్ళజోడు తీసేసి, గోదారిని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశారు.

"ఒక్కటి కూడా రాలేదు" అన్నారు గొణుగుతున్నట్టు. "ఎర్రవి ఎంత తక్కువైతే గిన్నె అంత పెద్దది. ఒక్కటీ రాలేదంటే... గిన్నెకి అంచే లేదు!" మైకు లాక్కున్నారు. "సోదర సోదరీమణులారా! గోదావరిలో మత్స్యసంపద అనంతం! మన శాఖ సంరక్షణలో ఒక్క వేసవిలో నలభై నుంచి అనంతానికి చేరుకున్నాం! ఇది ఏ దేశంలోనూ..."

తర్వాత మాటలు ఎవరికీ వినబడలేదు. డప్పులు మొదలయ్యాయి. అనంతంలోంచి ఎన్ని తీసినా తరగదు కాబట్టి వేట యథావిధిగా సాగవచ్చునని అక్కడికక్కడే సంతకం పడింది. గోవర్ధనం ఎవరి దండో లాక్కొచ్చి నూకరత్నం మెళ్ళో వేశాడు. ఆవిడ ఆ దండతోనే ఏట్లోకి దిగి, మొహం కడుక్కున్నట్టు నటిస్తూ, తనివితీరా ఏడ్చింది.

కారెక్కేముందు మాత్రం డైరెక్టరు గారు ఒక వేలు చూపించి మరీ చెప్పారు. "గోవర్ధనం, జాగ్రత్త! మొదటి విడత బిళ్ళ ఒక్కటి ఎక్కడైనా కనబడితే తక్షణం నివేదించాలి. ఒక్కటి వచ్చినా అనంతానికి భంగమే. లెక్క మొదటికొస్తుంది. విశ్రాంతి సంగతి మళ్ళీ చూడాల్సి వస్తుంది."

శ్రావణం వచ్చింది. కాకరలంక నావల చెక్కలు నీళ్ళు తాగి మళ్ళీ బిగిశాయి. ఇటుకబట్టీకి కట్టిన మూటలు విప్పేశారు. గోవర్ధనం ఇప్పుడు రోజూ పొద్దున్నే రేవుకొచ్చి, నూకరత్నం దగ్గరే చేపలు కొంటున్నాడు. అవి ఎక్కడివని అడగడం మానేశాడు.

ఓ పొద్దున్న సత్తియ్య వల ఒడ్డుకి లాగుతుంటే అందులో పెద్ద బొచ్చె ఒకటి ఎగిరెగిరి పడుతోంది. దాని వీపుమీద ఏదో పసుపుపచ్చగా మెరిసింది. ముందు చూసింది గోవర్ధనమే.

"పదిహేడు!" అని కేకవేసి, ప్యాంటు తడుస్తున్నా లెక్కచేయకుండా నీళ్ళల్లోకి ఉరికి, ఆ చేపని వాటేసుకున్నాడు. "నా పదిహేడండీ! నూకరత్నం గారూ, సర్కారు సొత్తు దొరికింది! ఒకదానికి సంజాయిషీ తప్పిం..."

నూకరత్నం మొహం చూశాడు. అనంతం గుర్తొచ్చింది. నెలల తరబడి ఆఫీసంతా కలిసి చేసిన గణనలో, ఏట్లో వదలగా తిరిగి న్యాయంగా వలలో పడ్డ చేప ఇదొక్కటే. ఇదొక్కటీ బయటపడితే గొలుసులూ, లక్క సీళ్ళూ మళ్ళీ మొదలు.

"నివేదించకపోతే నా ఉద్యోగానికి ముప్పు" అన్నాడు. "నివేదిస్తే మీ నావలు. పోనీ, పులుసు పెట్టేస్తే?"

"చేప ఉడుకుతుంది బాబూ, బిళ్ళ ఉడకదు. గెస్టుహౌసు చెత్తకుండీలో బయటపడుతుంది."

"బిళ్ళ గోతిలో పాతేస్తే?"

"సర్కారు సొత్తుని పాతేస్తారా?"

"అమ్మో!" అని గోవర్ధనం బిళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చేప నోరు తెరిచి మూసుకుంటోంది. ఆయనా అంతే.

నూకరత్నం ఇంక ఆలస్యం చెయ్యలేదు. ఆయన చేతుల్లోంచి బొచ్చెని లాక్కుని, బిళ్ళతో సహా లోతు వైపు విసిరేసింది. ధబ్‌మని పడి, ఒక్కసారి తోక ఆడించి, పదిహేడో నంబరు మాయమైపోయింది.

"అయ్యయ్యో! ఎంత పని చేశారండీ! వచ్చే సర్వేలో మా వలకి దొరికితే?"

"దొరకదు లెండి. దానికి గోదారంతా ఈదడం వచ్చు. మీ వలకి గెస్టుహౌసు రేవు దాటడం రాదు."

గోవర్ధనం తడిసిన ప్యాంటుతో నీళ్ళల్లోనే నిలబడి ఈ మాట నాలుగువైపుల నుంచీ ఆలోచించాడు. మెల్లగా ఊపిరి వదిలాడు.

"అదీ నిజమే" అన్నాడు. "రేవు దాటి వల వేయమని నియమావళిలో ఎక్కడా లేదు."

అని స్థిమితపడి, ఒడ్డుకొచ్చి, పులుసుకి రెండు జెల్లలు తూయమన్నాడు.